గ్లాసుకి తగ్గ ఒత్తి

చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి లోపలికి రండి. ఫ్యాను వెయ్యమని మాత్రం అడక్కండి. ఈ గదిలో ఇంకో మూడు గంటల దాకా ఫ్యాను తిరగదు.

మే నెల, సాయంత్రం ఆరున్నర. పొద్దుటి నుంచీ ఎండకి కాగిన శ్లాబు ఇప్పుడు ఆ వేడినంతా కిందికి వదులుతోంది. గోడ మీది థర్మామీటరు 36 డిగ్రీలు చూపిస్తోంది. కిటికీ రెక్కలు మూసేశారు. మూసినా లారీల హారన్లు వినిపిస్తూనే ఉన్నాయి. ఇబ్రహీంపట్నం నుంచి జగదల్‌పూర్ వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి తిరువూరు మీదుగానే పోతుంది కదా, అందులోనూ ఇది మామిడికాయల సీజను. ఈ ఇంట్లో మంచం కింద కూడా వరిగడ్డిలో బంగినపల్లి మగ్గుతోంది. ఆ వాసన ముందు మల్లెపూల సెంటు వాసన తేలడం లేదని కోడలు విసుక్కుంటోంది.

"రండి, కూర్చోండి. తలుపు మెల్లిగా వెయ్యండి, గాలి కొడితే లెక్క తప్పుతుంది" అంటుంది మిమ్మల్ని చూసి.

కూర్చోండి. బల్ల మీద స్టీలు పళ్లెం, అందులో నాలుగు గాజు గ్లాసులు, మధ్య మధ్య జానెడేసి ఎడం. ఇంకా దగ్గరగా పెడితే ఒకదాని సెగ పక్కదానికి తగిలి రెండింటి ఫలితమూ పాడవుతుంది. ప్రతి గ్లాసులోనూ 200 గ్రాముల సోయా మైనం, 16 గ్రాముల సెంటు. పోసి రెండు వారాలైంది. సోయా మైనం పోసిన మర్నాడే వెలిగిస్తే ఒక రకంగానూ, పది పదిహేను రోజులు ఆరాక వెలిగిస్తే ఇంకో రకంగానూ కాలుతుంది. అందుకని ఇన్నాళ్లూ అలమరలో పెట్టింది. మూడు గ్లాసులకి 10, 12, 14 అని చీటీలు అంటించి ఉన్నాయి. నాలుగోదాని మీద 'అ' అని రాసి ఉంది. ఆ సంగతి కాసేపాగి తెలుస్తుంది.

శ్రావణంలో గృహప్రవేశం ఉన్నవాళ్లెవరో యాభై గ్లాసు కొవ్వొత్తులు అడిగారట, వచ్చిన చుట్టాలకి పంచడానికి. మైనం కరిగించడం కోడలికి కొట్టిన పిండే. 85 డిగ్రీల దాకా వేడి చేసి, సెంటు కలిపి, 57కి దిగాక పోస్తుంది. పక్కన ఒక్క థర్మామీటరు ఉంటే ఎవరైనా నేర్చుకోగలిగిన పని అది. ఆమెని కూర్చోబెట్టింది ఒత్తి. యాభై గ్లాసుల్లో ఏ సైజు ఒత్తి పెట్టాలో ఈ రాత్రి తేలాలి.

స్టీలు స్కేలు తీసి ఖాళీ గ్లాసు ఒకటి మీ చేతికిస్తుంది. "కొలవండి."

మీరు బయటి నుంచి కొలుస్తారు. 80 మిల్లీమీటర్లు. ఆమె తల అడ్డంగా ఊపుతుంది. స్కేలు గ్లాసు లోపల అడ్డంగా పెట్టి మళ్లీ కొలవమంటుంది. 74. మైనం కరగాల్సింది ఈ 74లోనే, గాజు మందంతో ఒత్తికి పని లేదు. అది కూడా మూతి దగ్గర కాదు, మైనం నిలిచే మట్టం దగ్గర కొలవాలి. మూతి వెడల్పుగా ఉండి కిందికి సన్నబడే గ్లాసైతే పైనా కిందా తేడా పది మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కొట్టువాడు మాత్రం "ఇది 300 ఎం.ఎల్. గ్లాసమ్మా" అనే చెబుతాడు. ఆ లెక్క మైనం కొనడానికి పనికొస్తుంది గానీ ఒత్తి కొనడానికి పనికిరాదు. అదే 300 సన్నగా పొడుగ్గా ఉన్న గ్లాసులోనూ పడుతుంది, గుండ్రటి పొట్టి గిన్నెలోనూ పడుతుంది. రెండింటికీ ఒకే ఒత్తి పెడితే ఒకటి మసిబారుతుంది, రెండోదానికి నడుమ గుంట పడుతుంది.

ఇప్పుడు ఒత్తుల ప్యాకెట్లు చూడండి. సీడీ 10, సీడీ 12, సీడీ 14. అంకె పెరిగేకొద్దీ ఒత్తి బలం పెరుగుతుంది. ఇవి మిల్లీమీటర్లు కావు, ఆ కంపెనీ పెట్టుకున్న వరస నంబర్లు. ఎకో అని ఇంకో రకం ఉంది. ఎకో 10కీ సీడీ 10కీ చుట్టరికం లేదు. ఆమె పక్కన పడేసిన మరో కట్ట మీద "కాటన్ ఒత్తి, 6 అంగుళాలు" అని పొడవు మాత్రమే ఉంది. మందం లేదు, అల్లిక ఏదో లేదు. అలాంటిది ఈసారి కుదిరినా వచ్చేసారి తెప్పించిన కట్ట ఇదే అవునో కాదో పోల్చుకునే దారి ఉండదు. నంబరు లేని ఒత్తి ఎంత చవగ్గా దొరికినా దండగే.

నంబరున్న ప్యాకెట్‌తో పాటు చార్టు కూడా వస్తుంది. 74 మిల్లీమీటర్ల గ్లాసు, సోయా మైనం అంటే ఫలానా నంబర్లని చెబుతుంది. చార్టు అబద్ధం చెప్పదు, కానీ ఆ నంబర్లు చల్లటి దేశాల గదుల్లో కాల్చి చూసి వేసినవి. తిరువూరు మే నెల ఆ చార్టులో లేదు. అందుకే ఆమె చార్టు చెప్పిన నంబరుకి అటొకటీ ఇటొకటీ కలిపి మూడు తెప్పించింది.

గోళ్ల కత్తెరతో ఒత్తుల తలలు ఆరు మిల్లీమీటర్లు ఉంచి కత్తిరిస్తుంది. ఒక్కో గ్లాసూ వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకుంటుంది. అగ్గిపుల్ల గీస్తుంది. టైము ఆరు నలభై.

మొదటి పది నిమిషాల్లో చూడ్డానికేం లేదు. ఈలోపు వంటింట్లోంచి అత్తగారు వస్తారు. చేతిలో మజ్జిగ గ్లాసులు. మీకొకటి ఇచ్చి, నాలుగో కొవ్వొత్తి వైపు చూపించి చెబుతారు.

"ఇది నేను చేసిన ఒత్తండీ. చుట్టూ పత్తి చేలే. ఊరంతా పత్తి పెట్టుకుని ఒత్తులు పార్సిల్లో తెప్పించుకోవడమేంటని నా గోల. కార్తీకమాసం వచ్చిందంటే మూడొందల అరవై అయిదు ఒత్తులూ నా చేత్తో చేసేదాన్ని. ఈ గ్లాసుకో ఒత్తి చెయ్యలేనా?"

"చేశారుగా అత్తయ్యా, వెలుగుతోందిగా. చూద్దాం ఆగండి" అంటుంది కోడలు, నవ్వు కనపడనివ్వకుండా.

నిజానికి నాలుగింట్లోనూ ధాటిగా వెలుగుతున్నది అత్తగారి ఒత్తే. రెండు పోగులు కలిపి మెలేసింది. ఒంటి ఒత్తి వెలిగించకూడదని ఆవిడ పట్టింపు. రెండంగుళాలు దాటిన మంట, చివర సన్నగా పొగ. మిగతా మూడూ బుద్ధిగా కూర్చున్నాయి. 10లో మంట బొటనవేలి గోరంత. 12లో కాస్త పొడుగు. 14 అప్పుడే ఒకటి రెండుసార్లు ఊగింది, గాలి లేకుండానే.

ఏడుంపావుకి అత్తగారి మంట తగ్గడం మొదలైంది. ఒత్తి తలకి నల్లగా కొడి కట్టింది. ఇరవై నిమిషాలు గడిచేసరికి ఆ బరువుకి ఒత్తి నడుము వంగి కరిగిన మైనంలోకి ఒరిగింది. చిటపటమంది, ఆరింది.

"ప్రమిదలో అయితే ఇలా అవ్వదు" అంటారు అత్తగారు.

అవదు, నిజమే. ప్రమిదలో ఒత్తి అంచుకి ఆనుకుని పడుకుంటుంది, దాన్ని నిలబెట్టే పని ఎవరికీ లేదు. నూనె ముందే కరిగి ఉంది. కొడి కడితే పుల్లతో దులిపి ఒత్తిని కాస్త ముందుకి జరపడానికి మనిషి పక్కనే ఉంటుంది. గ్లాసులో ఒత్తి నాలుగు గంటలు దానంతటది నిలబడాలి, తన మైనాన్ని తనే కరిగించుకోవాలి, తన కొడిని తనే కాల్చుకోవాలి. చేత్తో మెలేసిన దూదికి ఈ మూడో పని చేతకాదు. పాతకాలపు ఐరోపాలోనూ కొవ్వొత్తులకి మెలేసిన నూలే వాడేవారు, కొడి కత్తిరించడానికి డబ్బీ తగిలించిన కత్తెరలు ఇంటింటా ఉండేవి. 1825లో ఫ్రాన్సులో కాంబసెరె అనే ఆయన నూలుని జడలా అల్లి ఒత్తి చేశాడు. అల్లిన ఒత్తి కాలేకొద్దీ ఓ పక్కకి వంగుతుంది. వంగిన కొస మంట అంచుకి, గాలి బాగా అందే చోటికి చేరి బూడిదైపోతుంది. ఇక కత్తెరతో పని లేదు. ఇప్పుడు గ్లాసుల్లో పెట్టే ఒత్తులు చాలావరకు ఆ అల్లికకి వారసులే. కాస్త వంగి మంట పక్కకి కొస బయటపెట్టిన ఆ 12 నంబరు ఒత్తిని దగ్గరగా చూడండి. కొసన ఎర్రటి చుక్క కనిపిస్తుంది. కొడి కాలిపోతున్న చోటు అదే.

"సరేలే, కార్తీకమాసానికి నీ ఒత్తులు నాకొద్దు, నీ గ్లాసుకి నా ఒత్తులు నీకొద్దు" అని అత్తగారు మజ్జిగ గ్లాసులు తీసుకుని లేస్తారు. వెళ్లబోతూ 14 వైపు చూసి, "ఆ చివరిది మాత్రం తీసెయ్ అమ్మాయ్. గుప్పెడు బియ్యానికి మోపు కట్టెలు పెట్టినట్టుంది" అని ఒక మాట పడేసి పోతారు. కోడలు ఆ మాట పుస్తకంలో రాసుకోదు గానీ 14 పక్కన పెన్సిలుతో చిన్న గీత గీస్తుంది.

ఏడు నలభై. గంటైంది. ఆమె స్కేలు గ్లాసు మూతి మీద అడ్డంగా పట్టుకుని కరిగిన మడుగు వెడల్పు కొలుస్తుంది. 10లో 38 మిల్లీమీటర్లు, 12లో 46, 14లో 55. గ్లాసు వెడల్పు ఎన్ని అంగుళాలో అన్ని గంటల్లో మడుగు అంచుల దాకా రావాలనేది ఈ పనిచేసేవాళ్ల మామూలు లెక్క. మన 74 మిల్లీమీటర్లంటే మూడంగుళాలకి కాస్త తక్కువ. కాబట్టి మూడు గంటలు. అంతకు చాలా ముందే అంచు తాకితే ఒత్తి పెద్దది. నాలుగు గంటలైనా చుట్టూ గట్టి మైనం మందంగా మిగిలితే ఒత్తి చిన్నది. అది అలాగే కాలుకుంటూ పోతే నడుమ బావి తవ్వినట్టు దిగిపోయి, చివరికి తను కరిగించిన మైనంలో తనే మునిగిపోతుంది.

ఇంతకీ ఒత్తి సైజంటే ఏమిటో ఈ మడుగు దగ్గరే అర్థమవుతుంది. మంట సెగకి మైనం కరుగుతుంది, కరిగిన మైనం నూలు పోగుల సందుల్లోంచి పైకి పాకుతుంది, మంటలో ఆవిరై మండుతుంది. సందులు ఎక్కువుంటే నిమిషానికి ఎక్కువ మైనం పైకెక్కుతుంది, మంట పెద్దదవుతుంది, ఇంకా ఎక్కువ కరుగుతుంది. ఎక్కిన మైనమంతా మండేంత గాలి దొరక్కపోతే మిగిలింది మసి అవుతుంది. మైనం ఎక్కే దారిలో ఏది అడ్డుపడ్డా సైజు లెక్క మారుతుంది. సెంటు అలా అడ్డుపడేదే. ఆమె పాత పేజీ ఒకటి తిప్పి చూపిస్తుంది. ఇదే గ్లాసు, ఇదే మైనం, గంధం సెంటు. సీడీ 10 రెండు గంటల్లో డీలాపడింది. గంధం, వనిల్లాలాంటి బరువు సెంట్లు పోగుల్లోంచి కష్టంగా ఎక్కుతాయి, వాటికి ఓ సైజు పెద్ద ఒత్తి కావాల్సి వస్తుంది. ఇక పిల్లల క్రేయాన్లు గీకి మైనంలో రంగు కలిపేవాళ్లుంటారు. ఆ రంగు కరగదు, సన్నటి పొడిగా ఉండిపోయి పోగుల్ని పూడ్చేస్తుంది. అక్కడ ఏ సైజు ఒత్తీ కాపాడలేదు. మైనం కోసం చేసిన రంగులు వేరే దొరుకుతాయి.

ఎనిమిదింటికి కరెంటు పోయింది.

ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. "ఇప్పుడు బాగా కనపడుతుంది, ఇలా రండి" అని కోడలు మిమ్మల్ని ముందుకి జరగమంటుంది. బల్బు వెలుతురులో కనపడనివి ఇప్పుడు కనపడుతున్నాయి. 14 మంట కొసన పల్చటి నల్లదారం పైకి లేస్తోంది. గ్లాసు లోపలి అంచున ఒక పక్క బూడిదరంగు నీడ పడింది. అది నీడ కాదు, మసి. తెల్లకాగితం మంటకి జానెడు పైన పట్టుకుంటుంది. 14 మీద మచ్చ పడింది, 12 మీద లీలగా పడింది, 10 మీద ఏమీ లేదు.

పక్కింట్లో కొవ్వొత్తి వెలిగించినట్టున్నారు, కిటికీ సందులోంచి వెలుగు పడింది. కిరాణా కొట్టులో దొరికే మామూలు పొడుగు కొవ్వొత్తి అయ్యుంటుంది. దానికి ఈ కొలతలతో నిమిత్తం లేదు. మైనం ఎక్కువ కరిగితే పక్కల నుంచి కారిపోతుంది, వేడి చుట్టూ గాలిలోకి పోతుంది. ఫిబ్రవరి 9 నుంచి మూడు రోజులు గుణదల మేరీమాత ఉత్సవాల్లో భక్తులు వెలిగించే కొవ్వొత్తులూ అంతే, ఆరుబయట కాలి కారి అయిపోతాయి. గ్లాసులో కొవ్వొత్తికి కారిపోయే వీలు లేదు. కరిగిన మైనం, వేడి, రెండూ ఆ గాజుగోడల మధ్యే ఉండాలి. ఒత్తి పెద్దదైతే ఆ భారం గాజు మీద పడుతుంది. అందుకే నీళ్లు తాగే పల్చటి గ్లాసుల్లో ఈ పని చెయ్యొద్దంటుంది కోడలు. వేడికి చిట్లుతాయి. ముచ్చటగా ఉంటాయని కొబ్బరి చిప్పల్లో పోసేవాళ్ల గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు పెరుగుతుంది. "చిప్పే అంటుకుంటుందండీ. మా పొయ్యిలో రాజేసుకునేది దాంతోనేగా!"

ఎనిమిది నలభై. రెండు గంటలు. 10లో మడుగు 54, 12లో 66. 14లో అంచు తాకేసింది, గంట ముందే.

ఉక్కపోస్తోంది కదూ? ఇన్వర్టర్ ఉంది, ఫ్యాను వేసుకోవచ్చు, వెయ్యరు. చెమట తుడుచుకుంటూనే ఈ ఉక్క గురించి కాస్త ఆలోచించండి, ఈ రాత్రికి అసలు విషయం అదే. ఈ సోయా మైనం 48 డిగ్రీల దగ్గర కరుగుతుంది. జనవరి రాత్రి ఈ గది 20 డిగ్రీల్లో ఉన్నప్పుడు మైనాన్ని కరిగే వేడికి తేవాలంటే మంట 28 డిగ్రీలు పెంచాలి. ఇప్పుడు గది 36లో ఉంది, పెంచాల్సింది పన్నెండే. కరగడానికి పట్టే వేడి ఎప్పుడూ ఒకటే అనుకోండి, అయినా సగం దారి ఎండే నడిపించేసింది. అదే ఒత్తి, అదే గ్లాసు, మే నెలలో మడుగు వెడల్పూ లోతూ పెరుగుతాయి. ఆమె జనవరి పేజీ తీస్తుంది. అప్పుడు 12 సరిగ్గా మూడు గంటల పది నిమిషాలకి అంచు తాకింది, పేజీలో పక్కన నక్షత్రం గుర్తు ఉంది. 10 చుట్టూ మాత్రం ఎనిమిది మిల్లీమీటర్ల గట్టు మిగిలింది. జనవరిలో చూసినవాళ్లెవరైనా 12 అనే అంటారు.

ఎండాకాలానికి మైనమే మార్చొచ్చుగా అని మీరడగొచ్చు. మార్చొచ్చు. స్టియరిక్ ఆసిడ్‌లాంటిది కలిపి గట్టిపరిచినవి, కాస్త ఎక్కువ వేడికి కరిగేవి దొరుకుతాయి. 44 డిగ్రీల ఎండలో కొరియర్ ఆటోలో పోయే గ్లాసుకి అది అవసరమే, లేకపోతే మైనం చెమట పట్టినట్టు నూనె వదులుతుంది. అయితే గట్టి మైనానికి ఒత్తి బలం పెంచాలి, పరీక్ష మొదటికొస్తుంది. ఈ యాభై గ్లాసులూ ఊళ్లోనే పంచేవి కాబట్టి ఆమె ఆ జోలికి పోలేదు.

తొమ్మిది నలభై, మూడు గంటలు. కరెంటొచ్చి పావుగంటైంది. ఇప్పుడు ముగ్గురూ బల్ల మీదికి వంగారు, అత్తగారు కూడా. 14లో మడుగు అగ్గిపుల్ల ముంచితే 15 మిల్లీమీటర్ల లోతుంది. మంట కుదురుగా లేదు. గ్లాసు పైభాగం పట్టుకుంటే చెయ్యి వెంటనే వెనక్కొచ్చేస్తుంది. 12 అంచు తాకి అరగంటైంది, లోతు తొమ్మిది, మంట నిలకడగా ఉంది, గాజు వేడిగా ఉన్నా పట్టుకోగలుగుతున్నాం. 10లో మడుగు 64, చుట్టూ అయిదు మిల్లీమీటర్ల గట్టు.

"మీరైతే ఏది పెడతారు?" అని అడుగుతుంది.

12 అంటారు మీరు. ఎవరైనా అదే అంటారు. చూడముచ్చటగా ఉన్నది అదే.

ఆమె ఒప్పుకోదు. గ్లాసు ఇప్పుడు నిండుగా ఉంది, మంట మూతికి దగ్గర్లో ఉంది, వేడి సులువుగా బయటికి పోతోంది. ఇంకో నాలుగైదు రోజులు కాలితే మంట గ్లాసు సగానికి దిగుతుంది. చుట్టూ గాజుగోడ, పైన సన్నటి దారి, వేడి లోపలే తిరుగుతుంది. ఇప్పుడు అందంగా ఉన్న 12 అక్కడికెళ్లాక ఇప్పటి 14లా ఉంటుంది. ఇప్పుడు అయిదు మిల్లీమీటర్లు మిగిల్చిన 10 రెండో మూడో సారికే ఆ గట్టుని కరిగించుకుంటుంది. జనవరి పేజీలోనూ ఎనిమిది మిల్లీమీటర్ల గట్టు మూడోసారికి పోయిందని రాసుంది. పైన అద్దంలా పరుచుకున్న మడుగు చూసి ఒత్తిని ఎంచుకునేవాళ్లు అడుగున ఏం జరుగుతుందో చూడరు. నాకూ ఆమె లెక్కే సరైందనిపిస్తుంది. ఒత్తి ఓ సైజు తగ్గితే పోయేది గాజుకి అంటుకున్న పిడికెడు మైనం. ఓ సైజు పెరిగితే పగిలేది గ్లాసు, అదీ పరాయి వాళ్ల ఇంట్లో, కర్టెన్ పక్కన.

ఆఖరి గంటకి ఆమె మీకు దయచూపిస్తుంది. ఫ్యాను రెండులో వేసింది. గాలి మొహానికి తగిలి ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, కానీ కళ్లు గ్లాసుల మీదే ఉంచండి. మూడు మంటలూ ఒకే పక్కకి ఒరిగాయి. 14 గ్లాసు ఆ పక్కన నిమిషాల్లో నల్లబడింది. 12లో పొగ మొదలైంది. 10 వణుకుతోంది, ఆరలేదు. గాలి లేనిచోట కాల్చి చూడమని నియమం, మొదటి మూడు గంటలూ అలాగే చేసింది. కానీ కొనుక్కున్నవాళ్లు మే నెలలో ఫ్యాను ఆపి కొవ్వొత్తి వెలిగిస్తారా? నియమం పాటించాక నిజం కూడా చూడాలి కదా. ఫ్యాను గాలికి చిన్న ఒత్తి ఆరిపోయినా నష్టం లేదు, మళ్లీ వెలిగించుకుంటారు.

పది నలభైకి నాలుగు గంటలు నిండాయి. ఒక్కసారికి అంతకుమించి వెలిగించొద్దని తయారీదార్లు మామూలుగా చెప్పే హద్దు అదే. పిల్లాడు నిద్ర ఆపుకుని ఇందాకటి నుంచీ దీనికోసమే కాచుకున్నాడు. "అమ్మా, నేను!" అని అగ్గిపెట్టె లాక్కుంటాడు. ఫ్యాను ఆపించాడు. 12ని ఉఫ్‌మని ఊదగానే తెల్లటి పొగ సన్నగా నిలువుగా లేచింది. ఒత్తికి అంగుళం పైన, ఆ పొగకి వెలిగించిన అగ్గిపుల్ల చూపించాడు. మంట పొగ వెంబడి కిందికి దూకి ఒత్తిని అంటుకుంది. "చూశావా నానమ్మా!" అత్తగారు నిజంగానే ఉలిక్కిపడ్డారు. 1860 క్రిస్మస్ సెలవల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే పిల్లల కోసం కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలిచ్చాడు, ఈ ఆట అందులోనిదే. ఆ తెల్లటి పొగ మండకుండా మిగిలిన మైనపు ఆవిరి. ఒత్తి దాన్ని మంటకి అందించే గొట్టం మాత్రమేనని తెలియడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ఇక బరువులు. 10లో తగ్గింది 18 గ్రాములు, 12లో 22, 14లో 29. అంటే 10 గంటకి నాలుగున్నర గ్రాములు తింటోంది. 216 గ్రాముల్ని నాలుగున్నరతో భాగిస్తే 48 గంటలు వస్తుంది. అట్టపెట్టె మీద ఆ అంకె అచ్చేయించకూడదు. అడుగున 12 మిల్లీమీటర్ల మైనం ఉండగానే ఆర్పెయ్యాలి, అంతకంటే కిందికి పోతే మంట వేడి నేరుగా గాజు అడుగుకి తగులుతుంది. అలా వదిలెయ్యాల్సింది 46 గ్రాములు. మిగిలిన 170కి 38 గంటలు. 14 పెట్టి ఉంటే అదే మైనం 23 గంటల్లో అయిపోయేది. ఒత్తి కింద బిగించే రేకు బిళ్లకి కూడా ఆరు మిల్లీమీటర్ల మెడ ఉన్నది చూసి కొంది, జనం మర్చిపోయినా మంట అడుగు దాకా పోకుండా అక్కడే ఆరాలని.

మీరు లేచేలోపు ఇంకో రెండు మాటలు. ఒత్తి నడుమ లోహపు తీగ ఉంటే తెల్లకాగితం మీద ఆ తీగతో గీసి చూడాలి. పెన్సిలు గీతలా బూడిదరంగు గీత పడితే అది సీసం, పారెయ్యాలి. సీసం తీగ ఒత్తుల్ని అమెరికా 2003లో నిషేధించింది. ఇప్పుడు మంచి కంపెనీలవాళ్లు జింకు వాడతారు. రెండోది, నాలుగంగుళాలు దాటిన ఉరులి గిన్నెలకి ఒత్తి లావు పెంచుకుంటూ పోకూడదు. మధ్య ఎడం ఇచ్చి రెండో మూడో చిన్న ఒత్తులు నాటాలి, ఒక్కోటి తన వంతు మడుగు తను చూసుకుంటుంది. అత్తగారి పట్టింపు అలా కూడా చెల్లుతుంది, కాకపోతే రెండూ కలిపి మెలెయ్యకూడదు.

కోడలు పుస్తకంలో సీడీ 10 చుట్టూ సున్నా చుట్టింది. అది ఇంకా తీర్పు కాదు. రేపు సాయంత్రం అవే గ్లాసులు మళ్లీ వెలుగుతాయి, ఎల్లుండి మళ్లీ, 12 మిల్లీమీటర్లు మిగిలే దాకా. అప్పటికీ మసి లేకుండా, గాజు చేతికి పట్టుకోనిచ్చేంత వేడిలో ఉంటేనే యాభై ఒత్తులకి ఆర్డరు పెడుతుంది. మీరూ ఇంట్లో గ్లాసు కొవ్వొత్తులు చేసేవాళ్లయితే చార్టు చెప్పిన నంబరుకి ముందుదీ వెనకదీ కూడా తెప్పించుకోండి, వాటిని మీ ఇంట్లో ఎండాకాలపు గదిలో కాల్చి చూడండి, రెండింటి మధ్య ఎటూ తేలకపోతే చిన్నదాన్ని తీసుకోండి. గ్లాసో మైనమో సెంటో మారిస్తే మళ్లీ మొదటి నుంచి కాల్చాలి. అడుగు దాకా కాల్చి చూడని రకం మాత్రం, చుట్టాలకైనా సరే, ఎవరి చేతికీ ఇవ్వకండి.